ఎక్కని సీఆర్పీ

"నా కోడల్ని దొంగ అనాలంటే ముందు నేననాలి. నేనే అనలేదు. మధ్యలో నువ్వెవరయ్యా అనడానికి?"

ఆసుపత్రి వరండాలో పెద్దావిడ గొంతు ఖంగుమంది. ఎదురుగా ఉన్న ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. మళ్ళీ తలమీద పెట్టుకున్నాడు. అదీ బాగాలేదనిపించి చేత్తో పట్టుకున్నాడు. సర్వీసులో కత్తుల్ని చూశాడు, తుపాకుల్ని చూశాడు. కోడలి తరఫున వాదించే అత్తగారిని చూడ్డం ఇదే మొదలు.

"నేననడం లేదమ్మా. ఆధారాలు అంటున్నాయి."

"వాటికి నోరుంటే నా ముందుకొచ్చి అనమను."

మెట్లెక్కి వస్తున్న డిటెక్టివ్‌కి నవ్వాగలేదు. ఆమెను ఈ కేసులోకి దింపింది ఆ పెద్దావిడే. నిన్న పొద్దున ఆఫీసు తలుపు తీయగానే లోపలికొచ్చి, కుర్చీ చూపించకముందే కూర్చుని, "మా అమ్మాయి పక్షుల పార్కులో చిలుకల్ని చూసుకుంటుంది. అక్కడో చిలుక పోయింది. ఇదే ఎత్తుకెళ్ళిందంటున్నారు. వేళ్ళ నొప్పులతో దాని మందు సీసా మూత నేను తీసి పెడుతుంటే, ఇది పంజరాలు పగలగొట్టి దొంగతనాలు చేస్తుందా?" అని ఒక్క గుక్కలో చెప్పి, ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంది.

డిటెక్టివ్ అసలు పేరు ఆమె లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా లేదు. చిన్నప్పుడు ఇంట్లో పంచదార ఎక్కడ దాచినా కనిపెట్టేసేది. మనిషి కూడా పిడికెడే. ఇంటిల్లిపాదీ చీమ అన్నారు. ఆ పేరు పోలీసు స్టేషన్ల దాకా పాకింది. పాకించింది ఇంకెవరో కాదు, ఈ ఇన్‌స్పెక్టరే. స్వయానా ఆమె అక్క మొగుడు.

"వచ్చావా చీమా? ఆలస్యమైపోయింది. కేసు తేలిపోయింది. వెళ్ళి మీ అక్కతో కబుర్లు చెప్పుకో."

"మీ కేసులు తేలిపోయాకే కదా బావగారూ, నా కేసులు మొదలయ్యేది."

పెద్దావిడకి ఆ మాట బాగా నచ్చింది. ఇన్‌స్పెక్టర్‌కి నచ్చలేదు.

కేసు చూడ్డానికి చిన్నదే. పార్కులో కొత్తగా వచ్చిన పక్షుల్ని మిగతావాటితో కలపకుండా కొన్నాళ్ళు ఉంచే వేరు గది ఒకటుంది. అందులో ఒక నీలి చిలుక. అలాంటివి ఎక్కడా పట్టుమని పది లేవంటారు. ఎనిమిది రోజుల కిందట, మధ్యాహ్నం భోజనాల వేళ అది మాయమైంది. అంతకుముందే దాని రెట్ట పరీక్షకి పంపి ఉన్నారు. మర్నాడు ఫలితం వచ్చింది. చిలుక జ్వరం. పక్షికి వచ్చి, దాని దుమ్ము పీల్చిన మనిషికి అంటుకునే జబ్బు.

"అప్పుడే చెప్పాను మా వాళ్ళకి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మీసం సవరించుకుంటూ. "ఎవడూ ఎక్కడికీ పరిగెత్తక్కర్లేదు. ఆ పిట్టని ఎత్తుకెళ్ళినవాళ్ళకి వారంలో జ్వరం వస్తుంది. దొంగ నోరు అబద్ధం చెప్పినా ఊపిరితిత్తులు చెప్పలేవు. సరిగ్గా వారం తిరిగేసరికి ఈవిడ కోడలు జ్వరంతో, ఒళ్ళునొప్పులతో ఇక్కడ చేరింది. తాళంచెవి ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు. చిలుకకి ఆమె తెలుసు. కొత్తవాళ్ళు చెయ్యి పెడితే వీధి చివరికి వినబడేలా అరుస్తుందట. ఆ రోజు ఒక్క అరుపు లేదు. ఇంకేం కావాలి నీకు?"

చీమ ఒప్పుకోక తప్పలేదు. బావ ఆలోచన బాగుంది. బాగున్న ఆలోచనలతోనే చిక్కు.

"అమ్మాయితో మాట్లాడొచ్చా?"

"మాట్లాడు. నేనూ ఉంటాను."

"మేమిద్దరం ఉంటే సరిపోతుంది," అంది పెద్దావిడ అడ్డంగా నిలబడి. ఇన్‌స్పెక్టర్ వరండాలోనే ఆగిపోయాడు.

*

గదిలో కిటికీ తెరలన్నీ దించి ఉన్నాయి. మంచం మీద అమ్మాయి దిండుకి ఆనుకుని కూర్చుంది. రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా ఎర్రటి మచ్చ రెక్కలు విప్పుకున్నట్టుంది. వేళ్ళ కణుపులు ఉబ్బి ఉన్నాయి.

"తెరలు వేసుకున్నారని ఏమీ అనుకోకండి. ఎండ పడదు నాకు. ఎండకి నేనంటే మహా ప్రేమ, ముఖం మీద ముద్దులు పెట్టి పోతుంది," అంటూ మచ్చ చూపించి నవ్వింది.

చీమ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "నవ్వు బాగుంది. కానీ నేను అడిగేవి నవ్వే ప్రశ్నలు కావు. ఆ మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"గింజల కొట్టుగదిలో. మధ్యాహ్నం పూట నేను బయటికి రాను."

"ఎవరైనా చూశారా?"

"గింజలు చూశాయి."

"అమ్మాయ్!" అంది అత్తగారు.

"ఎవరూ చూడలేదండీ. ఒక్కదాన్నే ఉన్నాను."

"తాళంచెవి?"

"ఆఫీసులో గోడకి తగిలించి ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు."

"నువ్వు ఆ వేరు గదిలోకి ఎన్నిసార్లు వెళ్ళావు?"

"ఒక్కసారీ వెళ్ళలేదు. నాకున్నది లూపస్ అనే జబ్బు. ఒంటికి కాపలా కాయాల్సిన బలగమే ఇంటివాళ్ళ మీద తిరగబడుతుంది. దాన్ని కాస్త అణచడానికి రోజూ బిళ్ళలు వేసుకుంటాను. ఆ బిళ్ళలతో బయటి జబ్బులు తేలిగ్గా అంటుకుంటాయి. కొత్త పక్షుల జోలికి వెళ్ళొద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అద్దం కిటికీ బయట నిలబడి మాట్లాడేదాన్ని దానితో."

చీమ గొంతు కాస్త పదునెక్కింది. "మరి ఆ రోజు చిలుక అరవలేదు. తెలిసిన మనిషి కాబట్టే అరవలేదంటున్నారు. నీకంటే తెలిసిన మనిషి దానికెవరున్నారు?"

అమ్మాయి ముఖంలో నవ్వు ఎటో పోయింది.

"అరవడానికి ఓపికుండాలి కదండీ. రెండ్రోజుల నుంచి అది ఈకలు ఉబ్బించుకుని ఓ మూల కూర్చుంది. అరుపు మానేసింది. అది చూసే పశువుల డాక్టరుకి చెప్పాను. పరీక్షకి పంపించింది నా గోలకే." చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "పోలీసులు ఏమంటారోనని కాదండీ నా బెంగ. దానికి రోజూ మందు పడాలి. పడకపోతే ఎక్కువ రోజులు బతకదు. ఎవరి దగ్గరుందో వాళ్ళకి ఆ సంగతి తెలుసో లేదో."

చీమ లేచి నిలబడింది. జబ్బు ఉందని అనుమానించి పరీక్ష చేయించిన మనిషే, ఆ ఫలితం రాకముందే ఆ పక్షిని గుండెలకి హత్తుకుని ఎత్తుకుపోతుందా? అదీ, చిన్న జలుబు అంటుకున్నా ప్రమాదమయ్యే మనిషి?

తర్కానికి సరిపోయింది. బావని ఒప్పించడానికి మాత్రం ఇది చాలదు.

*

లూపస్ డాక్టర్ గారు గదిలో అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడే మనిషి. ఆవిడ కుర్చీ కొత్తదానిలాగే ఉంది. ఇన్‌స్పెక్టర్ ముందే అక్కడికి చేరుకుని ఒక మూల నిలబడ్డాడు.

"ఈఎస్సార్ తొంభై రెండు," అన్నాడు చీమని చూడగానే. "నేనే అడిగి తెలుసుకున్నాను. మామూలుగా ఇరవై లోపుండాలట. ఒంట్లో పెద్ద మంటే ఉన్నట్టు."

"సగం అడిగి వెళ్ళిపోయారు మీరు," అంది డాక్టర్. "మిగతా సగం అడిగితే చెప్పేదాన్నిగా? ఒంట్లో మంట ఉందని చెప్పే రక్తపరీక్షలు ముఖ్యంగా రెండున్నాయి. ఈఎస్సార్ ఒకటి, సీఆర్పీ ఒకటి. సీఆర్పీ ఫైరింజను లాంటిది. ఒంట్లోకి క్రిములు దిగితే గంటల్లో గంట కొట్టుకుంటూ వచ్చేస్తుంది, పనైపోగానే వెళ్ళిపోతుంది. ఈఎస్సార్ పెళ్ళికి ఆలస్యంగా వచ్చే చుట్టం. దిగబడిందంటే ఓ పట్టాన కదలదు."

"రెండూ మంటకేగా వచ్చేది?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అక్కడే ఉంది తమాషా. లూపస్ ఎంత రేగినా చాలామందిలో ఫైరింజను షెడ్డులోంచి బయటికి రాదు. చుట్టం మాత్రం పెట్టెలతో సహా దిగుతుంది. ఈ అమ్మాయి ఈఎస్సార్ తొంభై రెండు, నిజమే. సీఆర్పీ ఎంతో తెలుసా? నాలుగు. మీకూ నాకూ ఉండేంత."

చీమ ముందుకు వంగింది. "చిలుక జ్వరమైతే?"

"వందకి తక్కువ చూడలేదు నేను."

"అయితే ఖాయంగా..."

"ఖాయం అనే మాట కోర్టులో వాడుకోండి, నా గదిలో వద్దు. లూపస్ ఊపిరితిత్తుల పొరలోకో గుండె పొరలోకో దిగితే సీఆర్పీ కూడా ఎక్కొచ్చు. అందుకని ఒక్కదాన్నే పట్టుకుని ఊగను." డాక్టర్ కిటికీ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. "రక్తంలో సీ3, సీ4 అని ఇంకో రెండు ప్రొటీన్లున్నాయి. లూపస్ రేగితే అవి ఖర్చయిపోయి కిందికి పడతాయి. ఈమెకి బాగా పడిపోయాయి. సొంత డీఎన్ఏ మీదికే పోట్లాటకి పోయే యాంటీబాడీలు పోయిన నెలకంటే మూడింతలయ్యాయి. ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఇవన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఇది ఆమె సొంత జబ్బు. ఏ పిట్టా తెచ్చిపెట్టింది కాదు."

"చిలుక జ్వరం పరీక్ష చేయించలేదా మరి?" ఇన్‌స్పెక్టర్ పట్టు వదల్లేదు.

"పంపాం. రావడానికి టైము పడుతుంది. ఈలోగా లూపస్ మందు పెంచాను. నేను పొరబడి ఉంటే, కాపలా బలగాన్ని ఇంకా అణిచేసినట్టే కదా, ఈపాటికి ఆ పిల్ల మంచం మీంచి లేవకూడదు. పొద్దున జ్వరం దిగింది. నన్ను చూసి 'మీ గదిలో కుర్చీకి కూడా సెలవిచ్చారా' అని అడిగింది."

చీమ బావ వైపు తిరిగి తియ్యగా నవ్వింది. "ఊపిరితిత్తులు అబద్ధం చెప్పవన్నారు కదా బావగారూ. అవి చెప్పింది మీరు వినలేదంతే."

"వినేశాను. ఏం తేలింది? ఆమెకి జబ్బు అంటలేదని తేలింది. తియ్యలేదని తేలిందా? ముక్కుకి ముసుగు కట్టుకుని తీసుంటే?"

ప్రశ్న మంచిదే. చీమ సంచీ భుజాన వేసుకుంది. "పదండి, ఆ గది చూద్దాం."

"నేను చూసేశాను."

"సగమేమో!"

డాక్టర్ ఇద్దరి చేతుల్లోనూ చెరో మాస్కు పెట్టింది.

*

వేరు గది తలుపు పక్కనే గోడకి మూడు కొక్కేలు. మాస్కులు, చేతి తొడుగులు, ఒక తడిగుడ్డ కర్ర. వాటి పైన చేత్తో రాసిన బోర్డు: ఈ గదిలో చీపురు ముట్టుకోరాదు. తడిగుడ్డతోనే తుడవాలి. కింద చిన్న చిలుక బొమ్మ, వేలు చూపించి బెదిరిస్తున్నట్టు.

ఇన్‌స్పెక్టర్ మాస్కు పెట్టుకున్నాడు. మీసం రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చింది.

"మీసం మీద కూడా కూర్చుంటాయేమో బావగారూ, క్రిములు."

"నీ పని నువ్వు చూసుకో."

పంజరం చీమ ఛాతీ ఎత్తుంది. తలుపుకి స్ప్రింగు గడియ. బొటనవేలితో అదిమిపట్టి, రెండో చేత్తో లాగితేనే వస్తుంది. చీమ లాగింది. రాలేదు. పళ్ళు బిగించి మళ్ళీ లాగితే వచ్చింది. బొటనవేలు ఎర్రబడింది.

ఇన్‌స్పెక్టర్ ఒంటిచేత్తో టక్కున తీసి చూపించాడు.

"భేష్. మీరు దొంగతనానికి పనికొస్తారు. ఆ అమ్మాయి వేళ్ళు చూశారా? మందు సీసా మూత అత్తగారు తీస్తోంది."

"ఇవాళ వాచాయి. ఎనిమిది రోజుల కిందట ఎలా ఉన్నాయో నువ్వు చూశావా?"

"చూడలేదు," అంది చీమ నిజాయితీగా. అప్పటికే నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది. పంజరం అడుగు పళ్ళెం తిరగేసి పెట్టి ఉంది, పిడి గోడవైపుకి. రోజూ దాన్ని లాగే మనిషి అలా పెట్టదు. ఎవరో కంగారులో ఒంపేశారు. చుట్టూ గచ్చు మీద బూడిదరంగు దుమ్ము సన్నటి చారలుగా, విసనకర్ర ఆకారంలో ఉంది.

"బావగారూ, ఒకసారి కిందికి వంగండి. ప్యాంటు కుట్లు ఊడవు లెండి. ఈ చారలేమిటి?"

"ఊడ్చిన గుర్తులు."

"తడిగుడ్డతోనా?"

చీమ పంజరం కాలి కింద ఇరుక్కున్న సన్నటి పుల్లని పట్టకారుతో లాగింది. ప్లాస్టిక్ చీపురు పుల్ల. నీలం రంగు.

"చిలుకని తీస్తుంటే పళ్ళెం ఒలికింది. గుర్తు మిగలకూడదని చీపురు తెచ్చి శుభ్రంగా ఊడ్చారు. ఎండిపోయిన రెట్ట దుమ్మంతా గాల్లోకి లేపి, ఆ గాలినే పీల్చుకున్నారు. పక్షుల్ని చూసుకునేవాళ్ళెవరైనా ఆ పని చేస్తారా? తలుపు పక్కన ఆ బోర్డు రాసింది ఎవరనుకున్నారు? మీ దొంగగారే. ఆ బొమ్మ వేసింది కూడా."

"నీకెలా తెలుసు?"

"లోపలికి రాగానే టికెట్ల అమ్మాయిని అడిగాను. మీరు మాస్కు పెట్టుకుంటూ మీసం సర్దుకుంటున్నారు."

ఇన్‌స్పెక్టర్ నీలం పుల్లని తీసుకుని వెలుతురులో చూశాడు. ఆయన ఓర్పు లేనివాడే కానీ తెలివి లేనివాడు కాదు. "ఈ గది నియమాలు పట్టించుకోనివాడు. తాళంచెవి అందుబాటులో ఉన్నవాడు. భోజనాల వేళ ఇటువైపు తిరిగినా ఎవరూ ఎందుకని అడగనివాడు."

"చీపురు చేతిలో ఉన్నా అడగనివాడు," అంది చీమ.

ఇద్దరూ ఒకేసారి బయటికి నడిచారు. ఆఫీసులో, మేనేజరు గది తలుపు వెనక నీలం పుల్లల చీపురు గోడకి ఆనించి ఉంది. టికెట్ల అమ్మాయి తల బయటికి పెట్టింది.

"మేనేజరు గారు లేరండీ. జ్వరమని మూడ్రోజులుగా రావట్లేదు."

ఇన్‌స్పెక్టర్ చీమ వైపు చూడకుండా జీపు తాళాలు తీశాడు. "మాట్లాడకు," అన్నాడు.

"నేనేమన్నాను?"

"అనబోతున్నావు."

*

మేనేజరు భార్య తలుపు తీసి, పోలీసు దుస్తులు చూసి పక్కకి తప్పుకుంది. మేనేజరు గొంతు దాకా దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ముఖం పీక్కుపోయింది. వీళ్ళిద్దర్నీ చూడగానే లేచి కూర్చోబోయి దగ్గాడు. పొడి దగ్గు. ఆపుకుందామని ఊపిరి బిగబట్టేసరికి ముఖం కందగడ్డయింది.

"దగ్గండి, మాకేం అభ్యంతరం లేదు," అంది చీమ. కిటికీ రెక్కలు బార్లా తెరిచి, అక్కడే నిలబడింది. "ఎలా ఉంది ఒంట్లో?"

"వట్టి వైరలండీ. మా వీధి డాక్టరు అదే అన్నాడు. రక్తం కూడా చూశారు." మాట నమ్మించడానికన్నట్టు తలగడ పక్కనున్న కాగితం తనే అందించాడు.

చీమ చదివి, మాట్లాడకుండా బావకి ఇచ్చింది. ఆయన వేలు పెట్టి చదివి, ఒకచోట ఆగాడు.

"సీఆర్పీ నూట అరవై నాలుగు," అన్నాడు నెమ్మదిగా. "ఫైరింజను."

"ఏమిటండీ?" అన్నాడు మేనేజరు.

"మీరు ఆ వేరు గదిలోకి ఎప్పుడైనా వెళ్ళారా?" అడిగింది చీమ.

"ఎప్పుడూ లేదు. నా పని ఆఫీసులో. ఇన్‌స్పెక్టర్ గారికి ముందే చెప్పాను."

"చిలుకని ముట్టుకున్నారా?"

"నాకు పక్షులంటే భయమండీ."

"సరే అయితే. వైరలే." చీమ సంచీ సర్దుకుంది. "మీరు వేసుకుంటున్న బిళ్ళలు వైరల్‌కే కదా?"

"అవునండీ."

"తగ్గిందా?"

మేనేజరు దగ్గాడు. ఈసారి దగ్గు చాలాసేపు ఆగలేదు. భార్య గుమ్మంలోకి వచ్చి చేతులు నలుపుకుంటోంది.

"ఆ చిలుకకి జబ్బుందండీ," అంది చీమ. గొంతులో ఎకసెక్కం లేదు. "ఎండిన రెట్ట దుమ్ము పీల్చితే అంటుకుంటుంది. దానికి వేరే మందుంది, బాగా పనిచేస్తుంది, వేళకి పడితే. మీరు వేసుకుంటున్నది మాత్రం దానికి పనిచెయ్యదు. ఇప్పుడు నేను మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టర్ గారు మొదట అడిగేది ఒక్కటే ప్రశ్న. పక్షుల దగ్గరికి వెళ్ళారా అని. లేదని చెబితే ఆవిడ ఒక దారిలో వెతుకుతారు. అవునని చెబితే ఇంకో దారి. ఏ జవాబు చెప్పాలో మీ ఇష్టం. నేను దొంగని పట్టుకోడానికి వచ్చాను కానీ, మీరు అబద్ధం చెప్పి ప్రాణం మీదికి తెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు."

ఇన్‌స్పెక్టర్ నోరు తెరవబోతే చీమ చెయ్యెత్తి ఆపింది.

"చెప్పండి," అంది మేనేజరు భార్య. "మీకు దండం పెడతాను, నిజం చెప్పెయ్యండి."

మేనేజరు దుప్పటి అంచు పట్టుకుని నలిపాడు.

"జబ్బని తెలీదండీ. నిజంగా తెలీదు. పక్షులు పెంచుకునే పెద్దమనిషి ఒకాయన అడిగాడు. తీరా తీసుకెళ్తే ఆయన దాన్ని చూసి, ఇదేమిటి ఇలా ముడుచుకుంది, నాకొద్దు అన్నాడు. తిరిగి పార్కులో పెడదామంటే అప్పటికే పోలీసులు. నీలంగా ఉంటే ఇట్టే గుర్తుపడతారని... రంగు వేశాను."

"ఏం రంగు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆకుపచ్చ. తిండి పదార్థాల్లో వేసే రంగే లెండి."

చీమ నవ్వాపుకోడానికి కిటికీ వైపు తిరిగింది. ఎక్కడా పది లేని నీలి చిలుకకి పచ్చరంగు!

"మంచి కోసమే అన్నట్టు చెప్తున్నాడు చూడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఇప్పుడెక్కడుంది?"

"పెంపుడు పక్షులమ్మే అతను నాకు తెలుసు. కొన్నాళ్ళు వెనకగదిలో దాచమని ఇచ్చాను."

"ఫోన్ చెయ్యి. అందరికీ వినబడేలా పెట్టు."

రెండోసారి మోగగానే అవతల హుషారైన గొంతు పలికింది. "ఆ, చెప్పండి సార్! ఒంట్లో ఎలా ఉంది?"

"ఆ పచ్చ చిలుక... జాగ్రత్తగా ఉందా?"

"అదా! భలేవారే, మా బామ్మర్దికి చెప్పడం మర్చిపోయాను సార్. నేను లేనప్పుడు అమ్మేశాడు. పొద్దున ఒకావిడ వచ్చి చూసి, ఎంత బుద్ధిగా కూర్చుందో, అల్లరే చెయ్యడం లేదని ముచ్చటపడి తీసుకుపోయింది. మొగుడి పుట్టినరోజట రేపు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ లాక్కున్నాడు. "ఎవరావిడ? ఎక్కడుంటుంది?"

"మీరెవరు సార్? ఆవిడ పేరు తెలీదు. పంజరం బరువని మావాడే ఇంటికి మోసుకెళ్ళాడు. పోలీసు క్వార్టర్సు. మూడో ఇల్లు. పసుపుపచ్చ గేటు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ చెవి దగ్గర్నుంచి దించాడు. ఆ గేటుకి ఆ రంగు వేసింది ఆయనే. రెండు ఆదివారాలు పట్టింది.

"బావగారూ," అంది చీమ, "రేపు మీ పుట్టినరోజు కదూ?"

ఆయన తలాడించాడు.

చీమ అప్పటికే తన ఫోన్‌లో అక్క నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. చాలాసేపు మోగింది. ఎట్టకేలకి అక్క ఎత్తింది. వెనకాల నీళ్ళ చప్పుడు, ఒకటే గోల.

"చీమా! సరిగ్గా టైముకి చేశావే. మీ బావ నీ పక్కనున్నారా? లేకపోతేనే చెప్తా."

"అక్కా, ముందు నా మాట విను. ఆ చిలుక..."

"అయ్యో, నీకెలా తెలిసిపోయిందే? ఆయనకి చెప్పావంటే చంపేస్తా! పాపం పిల్లది, నీరసంగా ఉందని గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేయిస్తున్నాను. ఓ విచిత్రం చెప్పనా? నీళ్ళన్నీ పచ్చగా అయిపోతున్నాయే. పచ్చదనం పోయి కింద నీలం వస్తోంది. ఎంత అందంగా ఉందో! ఒళ్ళో పెట్టుకుని నా నోటితోనే గింజలు పెడుతున్నాను. వేరేగా పెడితే తినడం లేదు."

ఇన్‌స్పెక్టర్ గుమ్మం దాటి పరిగెత్తాడు. కింద జీపు స్టార్టయిన చప్పుడు.

"అక్కా!" చీమ గొంతు ఒక్కసారిగా మారింది. "దాన్ని మెల్లగా పంజరంలో పెట్టి, తలుపు వేసేసి, ముఖానికి గుడ్డ కట్టుకుని నువ్వు బయటికొచ్చెయ్. ఒక్క క్షణం కూడా ఆ గదిలో ఉండొద్దు. దానికి జబ్బుంది. మనుషులకి అంటుకుంటుంది. భయపడకు, మందుంది, డాక్టర్ గారికి నేను చెప్తాను. ముందు నువ్వు బయటికి రా. గదిలో నువ్వొక్కదానివే కదా?"

అవతల నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. గోల మాత్రం ఆగలేదు. అప్పుడు వినిపించింది చీమకి, ఆ గోల ఒక్క గొంతుది కాదు.

"ఒక్కదాన్నా?" అంది అక్క. "క్వార్టర్సులో పిల్లలంతా ఇక్కడే ఉన్నారే. పొద్దుట్నుంచీ వరసలో నిలబడి, ఒక్కొక్కళ్ళూ దాన్ని భుజం మీద ఎక్కించుకుంటున్నారు."